మా ముత్తాత మీద నేను మోపిన నేరం

మీ నాయనమ్మ అత్తగారి పేరు చెప్పగలరా? మీ ఇంటిపేరు కాదు, గోడ మీద దండ వేసి పెట్టుకున్న మీసాల పెద్దమనిషి పేరూ కాదు. ఆయన పక్కన ఉండవలసిన ఆమె పేరు. పోయినేడాది నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే, పితృస్వామ్యం మీద పావుగంట మాట్లాడి జవాబు ఎగ్గొట్టేవాణ్ణి. ఎందుకంటే నాకు తెలీదు. నలభై ఏళ్లుగా స్త్రీల హక్కుల మీద వ్యాసాలు రాస్తున్నాను. అయినా తెలీదు.

ఈ గొడవంతా మా అన్నయ్య కూతురి పెళ్లితో మొదలైంది. ఆమె కలకత్తా న్యూ టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. భర్త పోయి నాలుగేళ్లు. ఆరేళ్ల కూతురుంది. ఆఫీసులో తనతో పనిచేసే వరంగల్ అబ్బాయిని చేసుకుందామనుకుంది. రిజిస్టర్ పెళ్లి కాబట్టి ముగ్గురు సాక్షులు కావాలి. ఒకణ్ణి నేను, రెండోది ఆమె స్నేహితురాలు. మూడో సంతకం వాళ్ల నాన్నదే కావాలని పట్టుబట్టింది.

“ఎవరు పెడితే ఏమిటే? చట్టానికి మీ నాన్నే అక్కర్లేదు,” అన్నాను.

“చట్టానికి అక్కర్లేదు చిన్నాన్నా. నాకు కావాలి.”

హేతువాదిగా ఈ మాటను ఖండించడానికి నాలుగు కారణాలు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

మా అన్నయ్య జూట్ మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. కలకత్తా శివారు బడ్జ్ బడ్జ్‌లో ఉంటాడు. మంచివాడే. కానీ వంశం అనే మాట వినబడితే చాలు, వెన్ను నిటారుగా అయిపోతుంది. “మన వంశంలో ఆడది రెండోసారి పీటల మీద కూకోలేదురా,” అన్నాడు. “ముత్తాతకి ఒక్కతే పెళ్లాం. ఆయన ఎక్కడా గీత దాటలేదు. ఇప్పుడు నా కూతురు దాటుతాదా?”

శ్రీకాకుళం పక్కన ఒక పల్లెలో నాగలి దున్నుకున్న ఆ ముత్తాతను మాలో ఎవరూ చూడలేదు. ఒక పేరు, ఒక కీర్తి, అంతే మిగిలాయి. ఆ కీర్తిని పగలగొడితే అన్నయ్య దిగివస్తాడని లెక్క వేశాను. ముత్తాత గీత దాటినట్టు ఒక్క ఆధారం కావాలి. ఎక్కడ దొరుకుతుంది?

దొరికే చోటు ఒక్కటే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. పూరీ పండాల చిట్టా, అంటే జగన్నాథుడి గుడి పూజారులు రాసుకునే యాత్రికుల పుస్తకం.

మా వైపు పల్లెల నుంచి పూరీ వెళ్లినవాళ్ల పేర్లు, భార్యాబిడ్డల పేర్లు, ఊరు, పండాలు తరతరాలుగా రాసి పెట్టుకుంటారు. ఏటా చలికాలంలో ఒక పండా కలకత్తా వచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లో తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగి ప్రసాదం పంచుతాడు. ఆయన మా వాటా దాటి వెళ్లడం ముప్ఫై ఏళ్లుగా నాకు గర్వకారణం. పండాల మీద నేను రాసిన వ్యాసాలు అచ్చయి ఉన్నాయి. ఈసారి నేనే మెట్ల దగ్గర కాపు కాసి పిలిచాను.

“దాదా, ఒక్కసారి లోపలికి రండి.”

ఆయన తలుపు మీది పేరు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “మీరు మా నాన్నగారిని మెట్లు దించేసినాయన కదా బాబూ?”

“అది సిద్ధాంతపరమైన విభేదం.”

“ఆయన మోకాలు కొట్టుకుపోయింది.”

క్షమాపణ చెప్పి, టీ ఇచ్చి, ఊరి పేరు చెప్పాను. పూరీలో ఉన్న తమ్ముడికి ఆయన ఫోను చేశాడు. రెండు రోజుల్లో పాత చిట్టాలోంచి మూడు పుటలు వాట్సాప్‌లో వచ్చాయి. మూడోది మాకు అక్కర్లేనిది. అందులో వాళ్ల నాన్న చేతిరాతతో నా పేరు, దాని ఎదురుగా: “నాస్తికుడు. కోపిష్ఠి. వయసు మళ్లాక మళ్లీ అడగవలెను.”

మిగతా రెండు పుటలూ చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మొదటి దాంట్లో ముత్తాత పేరు, ఒక భార్య, ముగ్గురు కొడుకులు. కొడుకుల్లో ఒకడికి వేరే ఇంటిపేరు ఉంది. వ్రాయసగాడి పొరపాటు అనుకుని వదిలేశాను. రెండో పుట నలభై ఏళ్ల పైచిలుకు తర్వాతది. అదే ఊరు, అదే పేరు. భార్య మాత్రం వేరే ఆమె, చంకలో చంటిపిల్లాడు! అంటే ఏమిటి? డెబ్బై దాటిన ముసలాడు మొదటి ఇల్లాలిని వదిలేసి చిన్నపిల్లను కట్టుకున్నాడు. ఆ చంటివాడే మా తాత. నాకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ ఆనందం వచ్చింది. ఆ రెండింటినీ కలిపి ఎనిమిది పేజీలు రాశాను.

ఆదివారం మాజేర్‌హాట్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కి బడ్జ్ బడ్జ్ వెళ్లాను. అన్నయ్య కూతురు ముందే వచ్చి ఉంది. మా మేనత్త, అంటే మా నాన్న చెల్లెలు, అన్నయ్య దగ్గరే ఉంటుంది. ఎనభై ఆరేళ్లు. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. అందరూ భోజనానికి కూర్చోగానే నేను లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. ముత్తాతను దోషిగా నిలబెట్టాను. ఆ మొదటి ఇల్లాలి కన్నీళ్లు వర్ణించాను. మూడో పేజీ దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నాను కూడా.

అన్నయ్య చేప ముల్లు తీసుకుంటూ విన్నాడు. “అయితే రెండు పెళ్లిళ్లా?” అన్నాడు. “డెబ్బై ఏళ్లకి? గట్టోడే!” మళ్లీ అన్నం పెట్టుకున్నాడు. “మగోడి సంగతి వేరురా. ఆ కూర ఇలా తే.”

నా ఆయుధం గురి తప్పింది. ముత్తాత గీత దాటాడని నిరూపించి, అన్నయ్యకు ఆయన మీద గౌరవం ఇంకా పెంచాను. అన్నయ్య కూతురు నా వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఏమీ లేదు.

“ఆ రెండో దాని పేరేటన్నావు?” మంచం మీంచి అత్త.

ఫోను చూసి చెప్పాను.

“అది మా నాయనమ్మ పేరురా!” బఠానీల పళ్లెం పక్కన పెట్టింది. “నీకు తెలీదేటి? ఆడోళ్ల గురించి అన్నన్ని రాత్తావు, నీ ఇంటి ఆడదాని పేరు తెలీదేటి?”

నేను కాగితాలు ముందుకు చాపాను. “అంటే, ఆ ముసలాడు ఆవిణ్ణి...”

“ముసలాడేటి, నీ బొంద. మా తాత ఆవిడికన్నా నాలుగేళ్లు పెద్దోడు. నీ కాయితంలో ఉన్నది ఒక్కడు కాదురా, ఇద్దరు. తాతా, మనవడూ. ఆ మనవడే మీ ముత్తాత. తాత పేరు మనవడికి ఎట్టరేటి? నీకెవుడు సదువు సెప్పేడ్రా?”

నా ఎనిమిది పేజీల్లో ఏడున్నర అక్కడికక్కడే పోయాయి. నూటికి తొంభై మంది తెలుగువాళ్లు తాతల పేర్లు మోసుకు తిరుగుతున్న సంగతి నాకు తట్టలేదు. తాతామనవళ్లిద్దర్నీ కలిపి ఒకే దుర్మార్గుణ్ణి చేశాను.

“మరి మొదటి పుటలో వేరే ఇంటిపేరున్న కొడుకు?” మిగిలిన అరపేజీ కోసం అడిగాను.

“ఆడే కదా మా తాతకి నాన్న. ఆడి తల్లికి మొగుడు పోయేడు. ఈ పెద్దాయన ఆవిణ్ణి మారుమనువు సేసుకున్నాడు. గుంటడు తల్లి ఎనకాల వొచ్చేడు, అయిదేళ్లోడు. అప్పటికి ఆడిది పాత ఇంటిపేరే. తరవాత ఈ ఇంటిపేరు ఎట్టుకున్నాడు.”

అన్నయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. “మారుమనువా? మనింట్లోనా?”

“మనూళ్లో సగం ఇళ్లల్లో ఉండేది. కలకత్తా వొచ్చి, పేంట్లేసుకుని, మీరే మరిసిపోయేరు. నువ్వు ఆ గుంటడి మనవడికి మనవడివి. నువ్వు ఊరేగించుకుంటున్న ఇంటిపేరు మారుమనువులో వొచ్చిందే.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?” అన్నాడు అన్నయ్య.

“ఎవులడిగేరు? ఈడు ఉపన్యాసం ఇత్తాడు, నువ్వు వంశం అంతావు. అడగడం ఎవుడికొచ్చు ఈ ఇంట్లో?”

 అన్నయ్య, కూతురి వైపు తిరక్కుండా, చేపముల్లుతో మాట్లాడినట్టు అన్నాడు. “నా బెంగ వంశం గురించి కాదు. రేపు ఆళ్లకి ఇంకో పిల్ల పుడితే, మన గుంటని ఏరుగా సూత్తే?”

నాలుగు నెలలుగా ఆయనతో వాదిస్తున్నాను. అసలు భయం ఇదని ఒక్కసారీ కనిపెట్టలేదు.

అత్త విసుక్కుంది. “ఏరుగా సూసుంటే, ఆ గుంటడు పెద్దోడై తన కొడుక్కి ఆ పెద్దాయన పేరు ఎందుకెట్టుకుంటాడ్రా? కన్నతండ్రి పేరు ఒదులుకుని మరీ ఎట్టుకున్నాడు.”

అన్నయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. తిరిగొచ్చి కూతుర్ని అడిగాడు. “ఆ వరంగలోడు చేప తింటాడా?”

“నేర్చుకుంటున్నాడు నాన్నా.”

“ఏ రోజు సంతకం?”

“బుధవారం.”

“వీణ్ణి మాట్లాడనివ్వకు. వస్తాను.”

వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో, గంట ముందే. మొదటి సంతకం వంకరపోయింది. రిజిస్ట్రారు ఇంకో కాగితం ఇచ్చాడు. రెండోసారి కుదురుగా పెట్టాడు. ఆరేళ్ల మనవరాలు ఆయన పక్కన నిలబడి, ఒక్కో అక్షరం పైకి చదివి తప్పులు పట్టింది.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో కూడా ఒక ఆడపిల్ల మీ సంతకం కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. మీరు ముత్తాతల్ని అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండవచ్చు. లేవండి. ముందు ఆ పిల్లకు మీ భయమేమిటో దాచకుండా చెప్పండి. తర్వాత కలం తీసుకుని వెళ్లి సంతకం పెట్టండి.