పెనం చూడకుండా బిగించిన క్రషర్

1964. మా వైపు చెరకు రైతులు ఇంకా ఎద్దుల్ని కట్టే గానుగ ఆడుతున్న రోజులు. అనకాపల్లిలో కరీం సాయిబు గారి ఇంజన్ల షాపులో నేను ఫిట్టర్ని. ఆయిల్ ఇంజన్లు, వాటితో తిరిగే చెరకు క్రషర్లు అమ్మేవాళ్లం. అమ్మినదాన్ని ఊరికి తీసుకెళ్లి, సిమెంటు దిమ్మ మీద బిగించి, తిప్పి చూపించడం నా పని. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఒక ఊళ్లో బోల్టు బిగిస్తూనే తర్వాతి ఊరి బస్సు వేళ ఆలోచించే రకాన్ని.

ఆ సీజనులో ఎస్. రాయవరం దగ్గర ఒక పల్లెలో గవరయ్య అనే రైతుకి క్రషర్ పెట్టాను. ఆ చుట్టుపక్కల అదే మొదటిది. ఎద్దుల జతని అమ్మేసి మరీ కొన్నాడు. ట్రయల్ నాడు ఊరంతా వచ్చి చూసింది. "కొత్త గానుగ పెట్టేశాను, ఇంక మీకు బెంగ లేదు" అని గొప్పగా చెప్పి, ఇచ్చిన టీ సగం తాగి బస్సెక్కేశాను.

నాలుగో రోజుకే కబురొచ్చింది, బెల్లం గట్టిపడటం లేదని. సాయిబు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "మొదటిదే ఇలాగైతే ఇంకెవరు కొంటారయ్యా? జల్దీ వెళ్లు" అన్నారు.

వెళ్లేసరికి గవరయ్య బెల్లం వండే పాక ముందే నిలబడి ఉన్నాడు. "ఏటి మేస్త్రీ ఇది? బెల్లమేనేటి? సూడు" అని తొట్టెలో చెయ్యి పెట్టి తీశాడు. దిమ్మ కట్టాల్సిన బెల్లం వేళ్లకి బంకలా సాగుతోంది.

"నాలుగు పెనాల పాకం ఇలాగే పోనాది. మిషను బేగి ఆడేత్తాదని సెరుకంతా కొట్టించీసేను. కొట్టిన సెరుకు ఎన్నాళ్లు ఆగుతాది? ఎద్దులా, అమ్మీసేను. ఏడాదంతా మేం దీనిమీదే బతకాల."

పాక పక్కన చెరకు కుప్ప నా ఎత్తుకి మించి ఉంది. ఒక్కో పూట గడిచేకొద్దీ అందులో రసం చచ్చిపోతుంది. అలైన్‌మెంట్ చూశాను, అంటే ఇంజను చక్రం, క్రషర్ చక్రం ఒకే వరసలో ఉన్నాయా లేదా అని. చెరకు పిండే రోలర్ల మధ్య సందు కొలిచాను. గ్రీజు రసంలో పడుతోందేమోనని గుడ్డతో తుడిచి చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు.

"మిషను బంగారంలా ఉంది. చెడగొట్టింది మీ వంట" అనేశాను. బెల్లం వండే ఆయన పేరు సన్యాసి, ముప్పై ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి. ఆ మాట విని, నా వైపు కూడా చూడకుండా పెనంలో కాగుతున్న రసం మీద మడ్డి తీసుకుంటూ ఉండిపోయాడు. నేను ఊరుకున్నానా? నా మిషను గొప్పతనం చూపిద్దామని వేగం ఇంకా పెంచాను. పొద్దెక్కకుండానే రసం పట్టే డ్రమ్ములన్నీ నిండిపోయాయి. సాయంత్రానికి ఐదో పెనం కూడా పోయింది.

ఒళ్లు మండిపోయింది. పాకలో ఆ కొసనుంచి ఈ కొసకి ఎన్నిసార్లు తిరిగానో. దాహమేసి చివరి డ్రమ్ములో గ్లాసు ముంచి తాగాను. నాలిక మీద పులుపు తగిలింది.

"ఇది ఎప్పటి రసం?"

"మీరు పొద్దున్న ఆడించిందే" అన్నాడు సన్యాసి.

"ఇంకా పొయ్యెక్కలేదేం?"

"ఉన్నది ఒక్క పెనం, బాబూ. అది కాగాలంటే దాని టైము దానికి కావాల. ఎద్దులు తిరిగినప్పుడు ఒక పెనం దిగేసరికి ఇంకో పెనానికి సరిపడా రసం వచ్చేది. మీ మిషను పొద్దున్నే అన్నీ నింపీసి కూకుంటాది. ఆఖరి డ్రమ్ము పొయ్యెక్కేసరికి పులిసిపోతాది. పులిసిన రసం గెడ్డ కడతాదేటి?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"గానుగ పెట్టేశాను, బెంగ లేదన్నారు గదా. మీకు తెల్సే ఉంటాదనుకున్నాం."

మా షాపులో గానుగ అంటే రోలర్లు. వాళ్లకి చెరకు కొట్టిన దగ్గర్నుంచి దిమ్మ దిగేదాకా మొత్తం గానుగే. పొయ్యి, పెనం, పొయ్యిలోకి ఎండబెట్టిన పిప్పి, పాకం పట్టే మనిషి, అన్నీ. నేను ఒక ముక్క బిగించి మొత్తం పెట్టేశానన్నాను. వాళ్లు నమ్మారు.

సిగ్గు విడిచి అడిగాను. "ఇప్పుడేం చేద్దాం, సన్యాసి మావా?"

"మా బావ పెనం ఖాళీగా ఉంది. ఆడి పొయ్యి కూడా ముట్టిత్తే రెండవుతాయి. మిషను మాత్రం నేను సెప్పినప్పుడే తిప్పాల."

మర్నాడు డ్రమ్ములన్నీ కడిగించి, కావిళ్లతో రసం పక్కనే ఉన్న ఆ బావ పాకకి మోయించాం. ఇంజను వేగాన్ని అదుపు చేసే భాగాన్ని గవర్నర్ అంటాం. ఆ రోజు నా ఇంజనుకి గవర్నర్ సన్యాసి మావే. గరిటె ఎత్తితే స్టార్ట్ చేశాను, దించితే ఆపాను. ఆగిన ఇంజను పక్కన ఊరికే కూర్చోవడం నాకు ప్రాణసంకటం. అయినా కూర్చున్నాను.

మధ్యాహ్నానికి మొదటి పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టింది. తొట్టెలో పోసి ఆర్చారు. గవరయ్య బొటనవేలితో నొక్కి చూశాడు. వేలి గుర్తు పడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత అడిగాడు. "ఇదంతా నీకు ముందు తెలవదా, మేస్త్రీ?"

సాకులు నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. "తెలీదు" అన్నాను. పనిలో చేరాక ఒక రైతు ముందు ఆ మాట అనడం నాకు అదే మొదలు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఎవరు క్రషర్ కావాలన్నా ముందు వాళ్ల పాకకి వెళ్లి పెనాలు లెక్కపెట్టేవాణ్ణి, బెల్లం వండే మనిషి పక్కన ఒక పూట కూర్చునేవాణ్ణి. రెండో పొయ్యి తవ్వుకున్నాకే మిషను అని చెప్పేవాణ్ణి. అలా చెప్పి కొన్ని బేరాలు పోగొట్టానని సాయిబు గారు విసుక్కునేవారు. పోతే పోయాయి. గవరయ్య ఇంటిల్లిపాదీ ఏడాదంతా కష్టపడి పండించిన చెరకులో ఐదు పెనాలు పశువుల కుడితిలో కలిశాయి. నా చదువుకి ఫీజు కట్టింది ఆయన.