అక్క ఉతికిన ఫిల్టర్

బీదర్ వెళ్లొచ్చానంటే అందరూ కోట గురించే అడుగుతారు. నేను కోట చూడలేదు. నౌబాద్‌లో శనగపిండి మిల్లులో సంచులు నింపే మా పెద్దమ్మ కూతురు సువార్తక్కకు దగ్గు తగ్గడం లేదని ఫోనొస్తే వెళ్లాను. రెండేళ్ల కిందట ఆ ప్యాకింగ్ గదికి గాలి ఫిల్టర్ కొని బిగించింది నేనే. హైదరాబాద్‌లో ఫిల్టర్లు పరీక్షించడం నా ఉద్యోగం. అందుకే ఆ దగ్గు నాకు మరీ గుచ్చుకుంది.

ఉదయం ఆరింటికి బస్సెక్కితే జహీరాబాద్ మీదుగా పదికల్లా బీదర్‌లో దిగాను. నౌబాద్‌కు ఆటో వంద రూపాయలు. "పిండి మిల్లు కాడికా అన్నా? ఆడికి పోతే నల్లంగి తెల్లగైతది," అని డ్రైవర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మిల్లు గుమ్మంలోనే అక్క ఎదురొచ్చింది. "నువ్వొస్తున్నవని నిన్ననే కడిగి పెట్టిన తమ్మీ. సూడు, ఎంత తెల్లగున్నదో!"

"ఫిల్టర్ కడిగినవా?"

"శనివారం శనివారం కడుగుత. ఐతారం చర్చికి కట్టుకునే బట్టలతోని పాటే సబ్బు పెట్టి ఉతికి ఆరేస్త. సేటు గూడ మెచ్చుకుంటడు."

అది కాగితంలా కనిపించే సన్నని ప్లాస్టిక్ పోగుల మడతల ఫిల్టర్. సబ్బునీళ్లతో ఉతికితే సన్నని ధూళిని పట్టే గుణం పోతుంది. ధూళి కణాలను లెక్కపెట్టే చేతి యంత్రంతో ముందు ఫిల్టర్‌లోకి వెళ్లే గాలిని, తర్వాత దాన్ని దాటి వచ్చే గాలిని కొలిచాను. కంటికి కనపడని కణాల లెక్క రెండుచోట్లా దాదాపు ఒకటే. యంత్రం తప్పేమోనని మూడుసార్లు కొలిచాను. వెంట తెచ్చిన కొత్త ఫిల్టర్ బిగించి చూస్తే అంకె ఠక్కున పడిపోయింది. యంత్రం బాగానే ఉంది.

కడగొద్దని ఫ్రేము మీద రాసే ఉంది, ఇంగ్లీషులో. అక్క చదివింది కన్నడ బడిలో. బిగించిన రోజు నేను ఆమె పెట్టిన అన్నం తిని, బస్సు పోతుందని పరుగెత్తాను.

"గట్లైతే రెండేండ్ల సంది పిండంత నా లోపటికే పోయిందా?" అంది అక్క.

"అవునక్కా. తప్పు నాది."

ఆమె తిట్టలేదు. దగ్గుతూనే, "ఆకలైతుండొచ్చు, తిని పో," అంది. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తుల సంగతి వచ్చే వారం చెబుతామన్నారు.

తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. రోజూ ఫిల్టర్లు కొలిచి, అంకెలు రాసి సంతకం పెట్టేవాణ్ణి. సొంత మనిషికి ఒక్క మాట చెప్పడానికి ఐదు నిమిషాలు లేకపోయాయి. మీరూ ఎవరికైనా ఇలాంటి ఫిల్టర్ తీసుకెళ్తే, దాన్ని శుభ్రం చేసేదెవరో కనుక్కుని, కడగకూడదని వాళ్ల భాషలో నోటితో చెప్పి రండి. ఈసారి బయల్దేరే ముందు నేను చెప్పాను. అక్క తల ఊపింది. పాత ఫిల్టర్‌ను చేత్తో నిమురుతూ, "ఇంత తెల్లగున్నది, పారేయబుద్ధి అయితలేదు తమ్మీ," అంది.