పది ఉతుకుల చొక్కా

ఆ రోజుల్లో మాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. రాష్ట్రం కొత్తది, మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది, నాకు పంతొమ్మిదేళ్ళు. కార్ఖానాలో నల్లపలకల మీద తెల్లగళ్ళు అచ్చువేసే పని నాది. పిల్లలు ఉమ్మి రాసి ఎంత తుడిచినా ఆ గళ్ళు చెదిరేవి కావు (ఉమ్మి బలం బడికి పోయినవాళ్ళకు వేరే చెప్పాలా). రాయి మీద నిలిచే తెలుపు గుడ్డ మీద నిలవదా అని ఒక మధ్యాహ్నం నా బుర్రకు తోచింది. సరిగ్గా అప్పుడే మా వీధి వాలీబాల్ జట్టు గిద్దలూరు పోటీల కోసం ముదురు నీలం చొక్కాలు కుట్టించుకుని, వాటి మీద ఊరిపేరు తెల్లగా కావాలంది. ఇంకేముంది, పలకల దుమ్ము దులిపేసుకుని సొంతంగా అచ్చు దుకాణం పెట్టేసినట్టే తిరిగాను.

నాయన గొర్రెల మందలోంచి తలెత్తకుండానే నా మాట విన్నాడు. "ముందు నీ చొక్కా మీద ఏసుకో. పది ఉతుకులకు నిలిస్తే పొట్టేలు అమ్మి దుకాణం పెట్టిస్తా. నిలవకుంటే నోరు మూసుకోని పలకల పనికి పో" అన్నాడు.

నా నీలం చొక్కా మీద ఊరిపేరు అచ్చువేసి, ఎండలో కాగిన రెండు పలకల మధ్య పెట్టి ఆరబెట్టాను. కళ్ళు చెదిరేట్టు వచ్చింది. అమ్మ దాన్ని తీసుకుపోయి తన పద్ధతిలో బండకేసి బాదింది (ఆ చప్పుడు మూడో వీధికి వినిపించేది), మొదటి ఉతుకుకే అక్షరాలు బీటలు వారాయి. రాయి వంగదు, చొక్కా వంగుతుంది అనే సంగతి కార్ఖానాలో నాకెవరూ చెప్పలేదు. తెలుపులో కాస్త ఆముదం కలిపి మళ్ళీ అచ్చువేశాను, నాయన లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు. ఈసారి ఉతకడం నేనే చేపట్టాను. తిన్న కంచమైనా కడగని నేను ఆ చొక్కాను పసిబిడ్డలా నీళ్ళలో ముంచి తీస్తుంటే, పక్కింటి అవ్వ "ఏందిరా, చొక్కాకు తలంటు పోస్తాండావా?" అని అడిగింది. తొమ్మిది ఉతుకులు అట్లాగే గడిచాయి, అక్షరాల అంచులు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

పదోసారికి నన్ను పలకల లోడుతో బేస్తవారిపేట పంపారు. తిరిగొచ్చేసరికి చొక్కా అప్పటికే తీగ మీద ఆరుతోంది. "నువ్వు లేవని నేనే ఉతికినా" అంది అమ్మ. భయపడుతూ చూస్తే అక్షరాలు చెక్కుచెదరలేదు, మునుపటికంటే తెల్లగా ఉన్నాయి. ఆముదం మహిమ అనుకున్నాను. నాయన వచ్చి అక్షరాల మీద బొటనవేలు రాసి చూశాడు, ఆ వేలు తువ్వాలుకు తుడుచుకున్నాడు, "నిలిచినయి" అని మందవైపు పోయినాడు. వారం తిరిగేలోపు పొట్టేలును అమ్మేశాడు.

దుకాణం తెరిచిన రోజు ఆ చొక్కా తొడుక్కుని గర్వంగా నిలబడ్డాను. చెమట పట్టేసరికి ఛాతీ మీద తెల్లటి చారలు కారాయి. వేలితో తీసి వాసన చూస్తే సున్నం, అమ్మ ఆకులో వేసుకునే సున్నం! ఇక జట్టు చొక్కాల సంగతి అడగకండి, గిద్దలూరు నుంచి వట్టి నీలంగా తిరిగొచ్చాయి. గుడ్డకు తగిన తెలుపు, దాన్ని వేడితో గుడ్డకు పట్టించే పద్ధతి నాకు పట్టుబడడానికి మరో రెండేళ్ళు పట్టింది.

ఆ తర్వాతెప్పుడో నాయన్ను అడిగాను, ఆ రోజే నీకు తెలుసా అని.

"సున్నం తెలీకుండానే ఇన్నేండ్లు ఆకు నములుతాండానా? పొద్దంతా కూచోని పూసింది మీ యమ్మ. నిలవలేదంటే ఓడిపోయేది నువ్వు కాదు గదా."

వారం రోజులు ఊరంతా తిరిగి ఆముదం రహస్యం ఎవరికీ చెప్పనని చెప్పుకున్న ఆ పంతొమ్మిదేళ్ళవాడు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. వాడి పక్కన కూర్చుని, పందెం నువ్వు గెలవలేదురా, నిన్ను గెలిపించినారు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదులెండి.