గ్రాఫుల మీద భోజనాలు

తొంభైల్లో మేం దోహాలో, అల్ ముంతజాలో ఉండేవాళ్లం. మావారు కెమిస్టు. నక్షత్రాల మధ్య ఉండే కార్బన్ ధూళి వేడెక్కి పరారుణ కాంతిని వెలువరిస్తుంది. ఆ ధూళి దేనితో తయారైందో తెలుసుకోవాలని, ల్యాబ్‌లో రకరకాల మసిని పరీక్షించి, వచ్చిన గ్రాఫులను ఆ కాంతితో పోల్చేవారు. పని పూర్తికాకుండానే పోయారు. ఆ గ్రాఫులను ఆయన గురువుగారికి పంపాలని బల్ల మీద పెట్టుకున్నాను.

నెల మాసికం నాడు తెలుగువాళ్లను భోజనానికి పిలిచాను. వంటింట్లోంచి వచ్చేసరికి, నేల మీద పరవడానికి న్యూస్‌పేపర్లు చాలక ఆ గ్రాఫులే పరిచేశారు. వాటి మీద సాంబారు ఒలికింది. అక్కడే కూర్చున్న మా తెలుగు సంఘం పెద్దమనిషి, "ఆయన నక్షత్రమైపోయాడమ్మా, పైనుంచి నిన్నే చూస్తుంటాడు" అన్నాడు.

"లేవండి అన్నయ్యగారూ. మీ ప్లేటు కింద ఉన్నది ఆయన పని."

"మసి లెక్కలేగా తల్లీ! తినేవాణ్ణి మధ్యలో లేపకూడదు."

కాగితం లాగేశాను. పప్పన్నం ఆయన ఒళ్లో పడింది. తప్పు నాదే అన్నట్టు అందరూ చూశారు.

నాలుగు గ్రాఫుల మీద మావారు చేత్తో రాసుకున్న కొలతలు చెరిగిపోయాయి. మిగిలినవి ఆరబెట్టి పంపాను. అందమైన ఓదార్పు మాటలంటే నాకు అసహ్యం ఆ రోజే పుట్టింది. ఆయన్ని నక్షత్రం చేసి చేతులు కడుక్కున్నవాళ్లలో, ఆ గీతలేమిటని అడిగినవాడు ఒక్కడూ లేడు.