కోదాడలో చూసిన రెండో భాగం

మొన్న ఆదివారం మా మనవరాలు నా పక్కన చేరి ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. ఏదో థియేటర్ బయట కుర్రకారంతా మైకు చుట్టూ మూగి, ఆ రోజే విడుదలైన గూఢచారి సినిమా రెండో భాగం గురించి ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. మొదటి భాగమంత లేదని ఒకడు, ఫైటింగులు దానికంటే బాగున్నాయని ఇంకొకడు, చనిపోయాడనుకున్న హీరో తిరిగొచ్చే సీనులో ఒళ్ళు గగుర్పొడిచిందని మరొకడు. పిల్ల పడీపడీ నవ్వుతోంది. నేనూ నవ్వుదామనే అనుకున్నాను గానీ నా వల్ల కాలేదు, కళ్ళజోడు తుడుచుకునే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చిన హీరోను చూసి హాలంతా ఈలలు వేస్తుంటే ఒక మనిషి కుర్చీలో ఎట్లా కూలిపోతుందో నేను చూశాను, ఆ సంగతి ఆ పిల్లకు చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి.

మాది హాలియా. ఎనభైల చివర్లో సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా కుదిరినప్పుడు మా అమ్మ నన్ను తెచ్చి మేనమామ ఇంట్లో దింపింది. మామ లారీ డ్రైవరు, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని కోదాడ మీదుగా విజయవాడ తోలేవాడు. ఇంట్లో మా అమ్మమ్మ, అత్తమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు కాబట్టి నన్ను చూసుకోవడంలో ఇద్దరూ పోటీపడేవారు, నాకు రెండుసార్లు అన్నం తినక తప్పేది కాదు. మామకు ఒక గుణం ఉండేది. ఎక్కడున్నా ఇంటికి ఖబరు పంపకుండా ఉండలేడు. ఫోన్లు ఏవీ, మన ఇళ్ళల్లో అప్పుడు? కోదాడలో చాయ్ తాగడానికి ఆగినప్పుడు, సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోయే ఏ డ్రైవరు కనిపించినా చెప్పి పంపేవాడు, ఆ డ్రైవరు మా గల్లీ మొగదల ఉన్న హైవే హోటల్ దగ్గర బండి నెమ్మది చేసి ఒక కేక వేసేవాడు, హోటలాయన ఆ కేకను మా ఇంటిదాకా మోసేవాడు. మామ కోదాడ దాటిండట, లోడు ఆలస్యమైందట, పొద్దుటికి వస్తడట, వంకాయ కూర చేసి పెట్టమన్నడట. వంకాయ కూర సంగతి గల్లీ అంతా వినేది, అత్తమ్మ సిగ్గుతో చచ్చిపోయేది.

మామకు సీఐడీ సినిమాలంటే ప్రాణం. గూఢచారి అన్నా, పోలీసు అన్నా, కోటూ టోపీ పెట్టుకున్న ఎవరైనా మావైపు అందరూ సీఐడీలే కదా. ఆ ఏడు వచ్చిన సీఐడీ సినిమాకు నన్నూ అత్తమ్మనూ పట్టుబట్టి మిర్యాలగూడ తీసుకుపోయాడు, తనకు తెలిసిన మిల్లు వాళ్ళంతా అక్కడే చూస్తున్నారని. చివర్లో హీరో శత్రువులతో పోరాడి వంతెన మీది నుంచి నదిలో పడిపోయాడు. నీళ్ళు చూపించారు, ఆయన టోపీ కొట్టుకుపోవడం చూపించారు, ఇక అంతే, తెర తెల్లబడిపోయింది. శుభం పడలేదు. మనకు శుభం అన్న అక్షరాలు కనిపిస్తే తప్ప కుర్చీలోంచి లేచే అలవాటు లేదు కదా, ఇంకో రీలు ఉందేమో అనుకుని హాలు మొత్తం అట్లాగే కూర్చుంది. చివరికి గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన లోపలికొచ్చి సినిమా ఖతమైందని, రెండో భాగం తర్వాత ఎప్పుడో వస్తదట అని బతిమాలి మమ్మల్ని బయటికి పంపాడు. దారి పొడవునా అత్తమ్మ, అంత నీళ్ళల్లో పడ్డవాడు ఎట్లా బతుకుతాడని మామను ఆటపట్టించింది. మామ మాత్రం శుభం పడలేదంటే మనిషి బతికే ఉన్నట్టని, కావాలంటే రాసిపెట్టుకోమని వాదించాడు.

మరుసటి వానాకాలంలో కోదాడ అవతల వాగు పొంగింది. రోడ్డు మీద పారుతున్న నీళ్ళను తక్కువ అంచనా వేసి మామ బండి దింపాడో, మధ్యలోకి వచ్చాక వరద పెరిగిందో ఎవరికీ తెలియదు. లారీ ఒక పక్కకు ఒరిగి దొరికింది. బియ్యం బస్తాలు దొరికాయి. మామ దొరకలేదు. ఆ వాగు పోయి కృష్ణలో కలుస్తుంది. డ్రైవర్లంతా బండ్లు ఆపి గట్ల వెంట వెతికారు, మా నాన్న నది పొడవునా ఊరూరా తిరిగి అడిగి వచ్చాడు, ఎక్కడా ఏమీ లేదు.

మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. అమ్మమ్మ అదే అడిగింది, కొడుకు ఆత్మ నీళ్ళ మీద తిరుగుతుంటే తనకు ముద్ద దిగడం లేదని, కనీసం నువ్వులూ నీళ్ళూ అయినా వదలనివ్వమని. అత్తమ్మ ఒప్పుకోలేదు. మెడలో పుస్తె తియ్యలేదు, గాజులు తియ్యలేదు, పొద్దున్నే బొట్టు పెట్టుకుని హోటల్ వైపు చెవి పెట్టి కూర్చునేది. ఏదైనా లారీ నెమ్మదిస్తే చాలు, చేతిలో ఉన్న పని ఆగిపోయేది. గల్లీలో ఆడవాళ్ళు ఓదార్చడం కోసం, సినిమాలో సీఐడీకి కూడా శుభం పడలేదు కదా అనేవారు. ఓదార్పుకన్నా క్రూరమైనది ఇంకోటి లేదని నాకు అప్పుడు తెలియదు. ఆ మాట పట్టుకుని అత్తమ్మ ఏండ్లు గడిపింది, ఆ మాట వినలేక అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

తొంభైలు మొదలయ్యాక ఆ సినిమా రెండో భాగం వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, కొత్త సినిమా మన ఊరికి రావడానికి ముందు దాని టాక్ వచ్చేది. విజయవాడ టాక్ లారీల్లో వచ్చేది. హోటల్ దగ్గర డ్రైవర్లు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, పాటలు దండగ, ఫైటింగులు అదుర్స్, సెకండాఫ్ సాగింది అని తీర్పులు చెబుతుంటే గల్లీ అంతా చుట్టూ చేరేది. ఆ రోజు అత్తమ్మ కూడా వెళ్ళి నిలబడింది. ఆమెను చూసి వాళ్ళంతా మాట ఆపేశారు. సినిమా బాగుందా లేదా అని ఆమె అడగలేదు.

"మనిషి తిరిగొచ్చిండా?" అంది.

మామతో కలిసి తిరిగిన ఒక పెద్ద డ్రైవరు చాయ్ గ్లాసు కింద పెట్టి, "వచ్చిండు వదినె" అన్నాడు.

సినిమా సూర్యాపేట రావడానికి ఇంకా సమయం ఉంది, కోదాడలో మాత్రం ఆడుతోంది. మామ పోయాక అత్తమ్మ కోదాడ వైపు బస్సు ఎక్కడం అదే మొదలు. మ్యాట్నీకి వెళ్ళాం. ఆడవాళ్ళ వరుసలో ఇంత చోటు దొరికింది. తెర మీద హీరో భార్య తెల్లచీర కట్టుకుని ఫోటోకు దండ వేస్తోంది. ఇంటి ఎదురుగా ఒక కారు వచ్చి ఆగింది, అద్దం మెల్లగా దిగింది, లోపల నల్ల కళ్ళజోడుతో హీరో. ఇక ఆ హాలు హాలు కాదు. ఈలలు, చింపిన కాగితాలు, నేల టికెట్టువాళ్ళు తెర ముందుకెళ్ళి చిందులు. హీరో ఆమెను చూశాడు, ఒక చుక్క కన్నీరు తుడుచుకున్నాడు, అద్దం పైకెత్తి కారు పోనిచ్చాడు. దేశం పని ముగిసేదాకా తను బతికున్నట్టు భార్యకు కూడా తెలియకూడదట. దానికి మళ్ళీ చప్పట్లు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు వంగిపోయింది, వీపు ఎగిరెగిరి పడుతోంది. పక్కనున్న కోదాడ ఆవిడ పాపం కంగారుపడి, "హీరో వచ్చాడుగా అమ్మా, ఎందుకేడుస్తారు" అని నీళ్ళ సీసా అందించింది.

సినిమా మొత్తం చూసింది అత్తమ్మ. చివర్లో భార్య నిజం తెలుసుకుని భర్త కాళ్ళ మీద పడితే హాలు హాలంతా కళ్ళు తుడుచుకుంది, ఆమె తుడుచుకోలేదు. బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డప్పుడు నోరు విప్పింది.

"ఇంటి ముంగటికి వచ్చి గూడ లోపలికి రాలేదు, సూసినవా బిడ్డా వాడు? మీ మామ అట్ల చేసే మనిషేనా? ఒక్కపూట ఆలస్యమైతేనే ఖబరు పంపకుండ ఉండలేకపోయేటోడు. బతికుంటే నన్ను ఇన్నేండ్లు ఏడిపిస్తడా?" కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "లేడు బిడ్డా. ఇగ లేడు" అంది.

ఆమె చెప్పింది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, మామను అంత బాగా ఎరిగినవాళ్ళు ఇంకెవరున్నారు?

ఇంటికి చేరేసరికి అమ్మమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. అత్తమ్మ చెప్పులు విప్పకుండానే ఎదురుగా కూర్చుని, కర్మ చేయించే అయ్యగారిని పిలిపించమంది. ఏండ్ల తరబడి ఆ మాట కోసం పోరిన అమ్మమ్మ, చేట పక్కన పడేసి, వద్దు వద్దంటూ కోడలిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. కోడలు ఒప్పుకోనంతకాలం తనకూ లోపల ఎక్కడో ఆశ మిగిలి ఉండేదని ఆ ముసలిది అప్పటిదాకా ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

దర్భల బొమ్మను మా నాన్న చేతులతో దహనం చేయించారు. అమ్మమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. అత్తమ్మ మా దగ్గరే ఉండి, నా పిల్లల్ని పెంచి, నిండుగా బతికి వెళ్ళింది, కానీ ఇంకెప్పుడూ సినిమా హాలు మెట్లెక్కలేదు.

ఇప్పుడు మనిషి ఇల్లు కదిలితే ఎక్కడున్నాడో ఫోన్‌లో చుక్క కదులుతూ చూపిస్తుంది, జవాబు రాకపోతే పది నిమిషాలకే కంగారు, కనిపించగానే కోపం. మంచిదే, అత్తమ్మ పడ్డ బాధ ఎవరూ పడకూడదు. కానీ ఒక మనిషిని లోపలా బయటా అంతగా ఎరిగి, తన దగ్గరికి రాకుండా ఉండడని అంత గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతోనే అతను లేడని ఒప్పుకున్న ప్రేమను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.