పాపాయి ఒంటికి గుర్తున్న మనిషి

కడియపులంక నర్సరీల్లో అంటు కట్టాలంటే చిట్టియ్యే కట్టాలి. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనేదానికన్నా చిట్టియ్య అనుకునేదే ఎక్కువ. అలాగని అబద్ధమూ కాదు. మామిడి గానీ సపోటా గానీ, చాకుతో గీరి, కొమ్మని కొమ్మకి ఆనించి ప్లాస్టిక్ రిబ్బను చుట్టాడంటే నెల తిరక్కుండా చిగురు వచ్చేది. రాని వాటి గురించి ఆయన్ని ఎవరూ అడగరు. అడిగితే ఆ పూటకి పని మానేసి ఇంటికి వెళ్ళిపోతాడు.

అలాంటి మనిషి భార్య పాపాయికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రాజమండ్రి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మంచం మీద పడుకుని, వడిలిపోయి తిరిగొచ్చి, మళ్ళీ మర్నాడు చారెడు బియ్యం కడిగేసరికి ఆయాసపడేది. కిడ్నీ మారిస్తే బాగుంటుందని డాక్టరు గారి నోట్లోంచి మాట పూర్తిగా రాకుండానే చిట్టియ్య "నాది తీసుకోండి" అన్నాడు. ఇద్దరి రక్తమూ ఓ పాజిటివ్ అని తేలాక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

"నా చేత్తో కట్టింది ఎప్పుడైనా తప్పిందా అండీ? ఇదీ అంతే" అని బస్సులో పక్క సీటాయనకి కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి ద్రాక్షారామం వెళ్తున్నాడు, పాపం, చిట్టియ్య దిగేదాకా వినక తప్పలేదు.

పది రోజులకి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే సుప్రియ పిలిచింది. పాపాయి అప్పుడు డయాలసిస్ మంచం మీద ఉంది. చిట్టియ్య ఒక్కడే వెళ్ళాడు.

"మీ కిడ్నీ ఆవిడకి పడదండి" అంది సుప్రియ. "మీ రక్తంలో కణాలు తీసి, ఆవిడ రక్తంలోంచి తీసిన సీరం వాటి మీద వేసి చూశాం. మీ కణాలు చచ్చిపోయాయి. ఆవిడ ఒళ్ళు మిమ్మల్ని ఒప్పుకోవడం లేదు."

చిట్టియ్య కుర్చీలో కూలబడ్డాడు. అడగని సంగతి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు.

"అది నన్ను క్షమించలేదమ్మా. మూడో కాన్పప్పుడు నేను మొక్కల లారీతో నాగపూర్ వెళ్ళాను. అక్కడ ఇంకో బేరం తగిలింది. పదకొండు రోజులు రాలేదు. ఇక్కడ దీనికి రక్తం పోయి, పక్కింటివాళ్ళు మోసుకెళ్ళి ఆసుపత్రిలో పడేశారు. ఇరవై రెండేళ్ళయింది. ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఒళ్ళు మర్చిపోతుందేంటి?"

సుప్రియ కాయితాలు పక్కన పెట్టి ఆయనకేసి కుర్చీ జరుపుకుంది.

"అలా కాదు బాబాయ్ గారూ. ప్రతి మనిషి కణాల మీదా కొన్ని గుర్తులుంటాయి. మనవి కాని గుర్తుల కోసం తెల్లకణాలు ఒళ్ళంతా కాపలా తిరుగుతాయి. అందులో ఒక్కోదానికీ ఒక్కో గుర్తే తెలుసు. దానికి తెలిసిన గుర్తు ఎదురైందా, ఆ ఒక్కటీ వేలకి వేలవుతుంది, ఆ గుర్తున్న కణాల్ని చంపే యాంటీబాడీలు తయారుచేస్తుంది. పనయ్యాక చాలావరకు పోతాయి. కొన్ని మాత్రం జన్మంతా జ్ఞాపకం పెట్టుకుని ఉండిపోతాయి."

"మరి నా గుర్తు దాని ఒంటికి ఎప్పుడు తెలిసింది? నేనేం దాని ఒంట్లోకి వెళ్ళలేదే?"

"వెళ్ళారు. మీ ముగ్గురు పిల్లల్లో సగం మీరే కదండీ. కాన్పుల్లో పిల్లల రక్తం కాస్తో కూస్తో తల్లి రక్తంలో కలుస్తుంది. మూడుసార్లు ఆవిడ ఒళ్ళు మిమ్మల్ని చూసింది. అందుకే మొన్న పరీక్ష చేయించుకున్న మీ పెద్దమ్మాయి కిడ్నీ కూడా కుదర్లేదు. ఆవిడ ఒంటికి మీరు బాగా గుర్తున్నారండి, అంతే."

చిట్టియ్య కళ్ళజోడు తీసి కండువాతో తుడిచాడు. కళ్ళు తుడుచుకోవాల్సింది, కళ్ళజోడు తుడిచాడు.

ఒక దారి ఉందని డాక్టరు గారు ఆ వారమే చెప్పారు. మలికిపురం నుంచి ఐజాక్ అనే టైలరు తన భార్య బేబీని ఇదే ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు. వాళ్ళదీ ఇదే గొడవ. ఇద్దరు పిల్లలని కన్న బేబీ ఒళ్ళు ఐజాక్‌ని ఒప్పుకోలేదు. కానీ ఐజాక్ కిడ్నీ పాపాయికి పడుతోంది, చిట్టియ్యది బేబీకి పడుతోంది. మార్చుకుంటే ఇద్దరాడవాళ్ళూ బతుకుతారు.

చిట్టియ్య ఇంతెత్తున లేచాడు. "నా పెళ్ళానికివ్వడానికి వచ్చాను గానీ ఊరందరికీ పంచడానికి రాలేదు. దీని ఒంట్లో నాది ఉండాలి గానీ ఎవరిదో ఎందుకుండాలి?"

పాపాయి గొంతు పెంచే మనిషి కాదు. "మీది ఆవిడకిస్తేనే నాకొకటి వస్తుందంటున్నారు. అలాంటప్పుడు నాకిచ్చినట్టు కాదా అండీ?" అని మాత్రం అంది.

ఆయన విసురుగా బయటికొచ్చాడు. వరండాలో బెంచీ మీద సన్నటి మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. చొక్కా మీద దారప్పోగులు చూసి ఐజాక్ అని పోల్చుకున్నాడు చిట్టియ్య.

"పద్దెనిమిదేళ్ళు కాపురం చేశామండి" అన్నాడు ఐజాక్ తల ఎత్తకుండా. "నేను పడనంట. నావల్ల ఏం కష్టపడిందో ఏంటో."

ఇంకేముంది, చిట్టియ్య పక్కనే కూర్చున్నాడు. తెల్లకణాలు, గుర్తులు, కాన్పులు, అన్నీ తనే కనిపెట్టినట్టు అరగంట చెప్పాడు. "మీరంటే పడక కాదండీ బాబూ. ఆవిడ ఒంటికి మీరు గుర్తుండబట్టే!" అన్నాడు చివరికి. ఐజాక్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక ఇవ్వనని చెప్పడానికి చిట్టియ్యకి నోరు రాలేదు. లోపలికెళ్ళి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

అనుమతులకి మూడు నెలలు తిరిగారు. నాలుగు ఆపరేషన్లూ ఒకే రోజు జరిగాయి. బేబీ కోలుకుంది. పాపాయి మొహంలోకి ఎన్నాళ్ళకో రంగు వచ్చింది.

ఇంటికి పంపే రోజున వాళ్ళని చూసి పోదామని వచ్చిన సుప్రియ, నర్సు ఇచ్చిన మాత్రలు పాపాయికి మరోసారి విడమరిచి చెప్పింది. "పొద్దున ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ. ఒక్క పూట కూడా మానకూడదు పిన్ని గారూ. ఐజాక్ గారి కిడ్నీ కూడా మీ ఒంటికి పరాయిదే. మీ తెల్లకణాలు దాని మీద పడకుండా ఇవి ఆపుతాయి."

పాపాయి మాత్రల అట్ట అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి వేసుకుంటే మా ఆయన గుర్తు కూడా పోతుందామ్మా?"

సుప్రియ నవ్వలేదు. "పోదండి. లోపల అలాగే ఉంటుంది. గొడవ చెయ్యకుండా ఊరుకుంటుందంతే."

"అయితే పర్లేదు. గుర్తుంచుకుని ఊరుకోవడం నాకు ఇరవై రెండేళ్ళుగా అలవాటే."

చిట్టియ్య డొక్కలో కుట్ల మీద చెయ్యి అదుముకుని, మంచం పట్టె మీద మెల్లగా కూర్చున్నాడు.

"రావాల్సింది పాపాయీ. నాగపూర్‌లో నాకు ఆ కబురు అందిన రోజే బయలుదేరి రావాల్సింది" అన్నాడు. అనేసి, ఆసుపత్రిలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కుట్లు లాగుతాయని పాపాయి కసిరింది. ఆయన వినలేదు.