గడ్డకు పార్టీ లేదన్న మా మేనత్త

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కడపలో బడికి బయల్దేరుతున్నాను. "అక్కా, అత్త పోయింది" అన్నాడు. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎవరు నరికినార్రా?" అని అడిగాను.

"ఎవురూ నరకల్యా. పొద్దున సద్ది తాగి మంచం మీద ఒరిగిందంట. లేపితే లేయల్యా."

నిజం చెప్పమని ఒట్టు పెట్టించుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఆమె తన చావు తాను చావగలదని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు. అలా ఎందుకు అనుకోలేదో తెలియాలంటే మీకు ఆమె సంగతి చెప్పాలి.

ఆమె మా నాయనకు అక్క. ఆత్మకూరు దాటి నల్లమల వైపు పోయే దారిలో ఒక ఊరికి ఆమెను ఇచ్చారు. అక్కడ ఊరికి రెండు పార్టీలు. మా మామ నాయకుడేం కాదు, ఒక పెద్దమనిషి వెనక తిరిగేవాడు, అంతే. అది చాలింది. ఒకనాడు జొన్న చేలో ఆయన మీద బాంబులేశారు. పొగ ఆరకముందే వేటకొడవళ్లతో పడ్డారు. అత్త సద్ది తీసుకొని పోయేసరికి ఆయన చెప్పు ఒక సాలులో ఉంది, చెయ్యి ఇంకో సాలులో ఉంది. ఆమె ఆ చెయ్యిని కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చింది. నరికినవాళ్లలో ముందున్నది అవతలి పార్టీవాడు, పక్క ఊరి మనిషి. అందరికీ తెలుసు. కోర్టులో మాత్రం సాక్షులకు ఎవరికీ తెలియలేదు.

మిగిలింది ఒక్క కూతురు. ఆ పిల్లకు మెడ పక్కన గడ్డలు లేచాయి. గండమాల అన్నారు. ఎర్రగా కాల్చిన కడ్డీతో వాతలు పెట్టించారు. పిల్ల గింజుకుంటే భుజాలు పట్టుకున్నది అత్తే. కాలిన చోట చీము పట్టింది, గడ్డలు చంకల్లోకి దిగాయి, తిన్నది ఒంటబట్టలేదు. చివరికి కర్నూలు తీసుకుపోతే, అది లింఫోమా అనే క్యాన్సరనీ, ముందే వచ్చి ఉంటే మందులకు లొంగేదనీ డాక్టరు చెప్పాడు. తిరుగు దారిలో బస్సులోనే పిల్ల ప్రాణం పోయింది. కండక్టరు దింపేస్తాడని, నిద్రపోతున్నట్టు తల ఒళ్లో పెట్టుకొని ఊరిదాకా తెచ్చింది.

"నా మొగున్ని కొడవలితో సంపినారు. నా బిడ్డను నేను కడ్డీతో సంపుకున్యా" అనేది. ఆ మాట అనేటప్పుడు ఏడవడం నేను చూడలేదు. పళ్లు కొరికేది.

తర్వాత కొన్నేళ్లకు ఆ గడ్డ నా మెడ మీద లేచింది. అప్పుడు నేను కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి దుప్పటి పిండేంత చెమట, ఒళ్లంతా దురద. మొదట టీబీ మందులు మింగాను. తగ్గలేదు. మా నాయన భయపడి నన్ను ఊరికి పిలిపించి, వాతలు పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. అక్క కూతురికి ఏమైందో నాయనకు తెలియక కాదు. ఆసుపత్రి అంటే కోస్తారని భయం, కోస్తే పెళ్లి కాదని భయం.

కుంపట్లో కడ్డీ ఎర్రగా కాలుతోంది. నాయన నా భుజాలు పట్టుకున్నాడు. అప్పుడు అత్త వచ్చింది. మా అమ్మ కబురు పంపిందట. కాళ్లకు చెప్పులు లేవు. వస్తూనే కుంపటిని తన్నింది. నిప్పులు ఇల్లంతా చెదిరాయి, ముసలాయన పంచె అంచు అంటుకుంది. ఆయన దాన్ని ఆర్పుకునే లోపల మూలనున్న కట్టె తీసుకొని మోకాళ్ల మీద బాదింది. అడ్డం పోయిన మా నాయనను చెంప మీద కొట్టింది.

"రేయ్, ఒక పిల్లను కాల్చి సంపుకుంటి కదరా! మల్లా ఇంకో పిల్లనా?"

"అక్కా, ఆసుపత్రిలో గొంతు కాడ కోస్తారంట..."

"కొయ్యనీ! ముక్క తీసి పరీచ్చ చేస్తే అది ఏం రోగమో తెలుస్తాది. ఈనకేం తెలుస్తాది? లే మే, నడువు."

అదే బట్టలతో నన్ను బస్సెక్కించింది. పెద్దాసుపత్రిలో ముక్క తీశారు. అత్త కూతురికి వచ్చిన రోగమే అని తేలింది. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: ఇది నయమయ్యే రకమే, కానీ మధ్యలో మానకూడదు. మందు ఎక్కిన తర్వాత జ్వరమొస్తే మాత్రం ఆగకూడదు, ఏ వేళైనా వెంటనే రావాలి, ఆ సమయంలో ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి ఉండదు. అత్త ఆ చివరి మాట మళ్లీ చెప్పించుకుంది. దారి పొడవునా పెదాల కిందే వల్లె వేసుకుంది.

ఆ మందు సంగతి అనుభవించినవాళ్లకే తెలుసు. ఎర్రటి నీళ్లు నరంలోకి దిగుతుంటే నోట్లో ఇనుము రుచి. ఇంటికి చేరేలోగా పేగులు బయటికొచ్చేటట్టు వాంతులు. జడ దువ్వెనకు ఊడి వచ్చింది. ఒకసారి నేను ఇక రానని, చచ్చిపోతానని అన్నాను. అత్త నన్ను ఊగిపోయేటట్టు కొట్టింది. "సచ్చేదానికి అంత తొందరుంటే బాయి ఉండాది పో. మందు ఏంటికి దండగ?" అంది. వెంటనే దూడకు పట్టినట్టు దవడ పట్టుకొని గంజి పోసింది. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు. ముందు మింగు." ఈ మాట ఆ తర్వాత ఆమె ఎంతమందితో అందో నాకు తెలియదు. వాళ్లందరూ మింగారనే అనుకుంటాను.

డాక్టరమ్మ చెప్పిన ఆ జ్వరం ఒకసారి నిజంగానే వచ్చింది. అప్పుడు నేను అత్త ఊర్లో ఉన్నాను. ముందురోజే అవతలి పార్టీ మనిషిని ఒకర్ని చంపారు. బంద్. బస్సుల్లేవు. రోడ్డు మీద టైర్లు మండుతున్నాయి. అత్త ఒక ట్రాక్టరు యజమాని గడప మీద కూచొని తిట్లకు దిగితే, ఆ తిట్లు భరించలేక ఆయన తాళంచెవి ఇచ్చి డ్రైవరును పంపాడు. ట్రాలీలో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. పక్క ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా తుమ్మచెట్టు కొట్టేసి ఉంది. దాని వెనక కొడవళ్లతో మనుషులు. ముందు నిలబడినవాడు మా మామను నరికినవాడే.

డ్రైవరు బండి ఆపాడు. అత్త దిగి వాడి ముందుకు పోయి నిలబడింది.

"ఈ పిల్లకు జరమొచ్చింది. కర్నూలు పోవాల."

"ఈ పొద్దు యా బండీ పోదు" అన్నాడు వాడు.

"నా మొగున్ని నరికితివి. నన్నూ నరుకు, దాన్నీ నరుకు. నరికేది సేతకాకుంటే చెట్టు తియ్యి."

వెనకున్నవాడు ఒకడు కొడవలి ఎత్తాడు. అత్త అటు చూడను కూడా చూడలేదు. నరికినవాడు నా వైపు వచ్చి ట్రాలీలోకి తొంగి చూశాడు. బోడితల, ఎండిన పెదాలు, ఎముకల మూట. నా కళ్లకు వాడి చేతిలోని కొడవలి మీది మరకలు కనిపించాయి. వెనక్కి తిరిగి, "చెట్టు తీయండ్రా" అన్నాడు.

నేను బతికాను. చదువు ముగించి కడపలో టీచరునయ్యాను. అత్త మాత్రం ఆసుపత్రి దారి వదల్లేదు. ఏ ఊర్లో మెడ మీద గడ్డ అన్నా, విడవని జ్వరమన్నా ఆమె అక్కడికి పోయేది. వాతల కడ్డీలు లాక్కొని బావుల్లో పారేసేది. పేషెంట్లతో వచ్చినవాళ్లు ఆసుపత్రి బయట చెట్ల కింద పడుకోవడం చూడలేక, దగ్గర్లో గోదాములున్న ఒక కోమటి వ్యాపారి అంగడి ముందు బైఠాయించింది. "ఏమప్పా, మూటలకు నీడ ఇచ్చినావే, మనుషులకు ఈలేవా?" అని గిరాకీ వచ్చినప్పుడల్లా అరిచింది. మొదట ఆయన పోలీసులను పిలుస్తానన్నాడు. చివరికి వెనక గది తెరిచాడు. తర్వాత తర్వాత ఆయన ఇంటి నుంచే గంజి వచ్చేది. తెల్లకార్డు వాళ్లకు వైద్యం ఖర్చు సర్కారే పెట్టుకునే పథకం వచ్చినప్పుడు, "ఇంక దుడ్లు లేవనే సాకు గూడా ల్యా. ఇప్పుడు ఎవురు మందు మానుతారో సూస్తా" అని ఊరూరా బెదిరించింది.

అట్లాంటి రోజుల్లోనే పక్క ఊరి నుంచి ఒకామె ఆమె గడప తొక్కింది. మామను నరికినవాడి పెళ్లాం. వాడికి గొంతు పక్కన గడ్డలు లేచాయట, ముద్ద దిగడం లేదట. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త లేచి ఆమెను రెండు చెంపలూ వాయించింది. గోడ పట్టుకొని నిలబడి అడిగింది:

"గడ్డ ఏ పక్క?"

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అత్త మరిది ఇంటి మీదికి వచ్చాడు. "మా అన్నను సంపినోనికి నువ్వు వైద్యం చేపిస్తావా?" అని గొడ్డలి కామతో కొట్టాడు. ఆమె కుడి చెయ్యి విరిగింది. "గడ్డకు పార్టీ ల్యారా" అంది అత్త నేల మీద పడి కూడా. చేతికి కట్టు కట్టించుకున్నది ఆ నరికినవాణ్ని కర్నూలుకు తీసుకుపోయినప్పుడే. అదే ఆసుపత్రిలో, అదే రోజు.

మందు ఎక్కించే ప్రతిసారీ వాడితో పాటు పోయింది. బస్సులో వాడు ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. మాటల్లేవు. వాడు వాంతి చేసుకుంటే ఎడమ చేత్తో బేసిన్ పట్టేది. ఒకసారి వాడు ఏడుస్తూ "అక్కా" అన్నాడట. "అక్కా గిక్కా అనొద్దు. మింగు" అందట.

వాణ్ని క్షమించావా అత్తా అని నేను అడిగాను.

"యాడ క్షమించినా? నా మొగుని చెయ్యి మోసుకొచ్చింది నేను. అది మర్చిపోతానా? రోగమొస్తే బండెక్కిస్తాండా, అంతే. అది వేరే, ఇది వేరే."

వాడికి నయమైంది. గడ్డలు కరిగాయనీ, ఇక అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలనీ డాక్టరమ్మ చెప్పిన రోజు, ఇద్దరూ బస్సు దిగారు. స్టాపు దగ్గర అత్త మరిది కొడుకు, వాడి స్నేహితులు కాచుకొని ఉన్నారు. పట్టపగలు, అంగళ్లు తెరిచి ఉండగా వాణ్ని నరికారు. అత్త అడ్డం పడింది. ఒక వేటు ఆమె భుజం మీద పడింది. మిగతావన్నీ వాడి మీద పడ్డాయి. మందుకు ఊడి, మళ్లీ అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు నెత్తుట్లో అతుక్కుపోయిందట. అత్త ఆ రోడ్డు మీద కూచొని, పారిపోతున్నవాళ్ల వెనక అరిచిన అరుపులు ఇప్పటికీ ఆ అంగళ్లవాళ్లు చెబుతారు. "ఇంత మందు ఎక్కిస్తిమి కదరా! ఇంత మింగె కదరా నా కొడకల్లారా! బాగైనాడు కదరా!"

ఆ ఊర్లో అంతకుముందు ఎవరూ చేయని పని ఆమె చేసింది. కోర్టులో నిలబడి మరిది కొడుకును వేలెత్తి చూపింది. మొగుడి కేసులో సాక్షులు నోరు మూసుకున్నప్పుడు తాను పడిన బాధ ఆ చచ్చినవాడి పెళ్లాం పడకూడదంది. శిక్ష పడింది. ఆ తర్వాత ఆమె గడ్డివామి తగలబెట్టారు, గేదెకు విషం పెట్టారు, ఇంటి మీద రాళ్లు వేశారు. మా దగ్గరికి రమ్మంటే రాలేదు. దిండు కింద కొడవలి పెట్టుకొని పడుకుంది, పొద్దున లేచి ఎవరో ఒకర్ని వెంటబెట్టుకొని కర్నూలు బస్సెక్కింది. అందుకే తమ్ముడు ఫోన్ చేస్తే నేను ఆ ప్రశ్న అడిగాను.

మేం పోయేసరికి సొంత మరిది ఇంటి తలుపులు మూసి ఉన్నాయి. ఆమెకు చివరి స్నానం నీళ్లు పోసింది మామను నరికినవాడి పెళ్లాం, ఆ పక్క ఊరామె. జుట్టు లేనివాళ్లు, అప్పుడే జుట్టు మొలుస్తున్నవాళ్లు, నాలాగా ఎప్పుడో నయమైనవాళ్లు ట్రాక్టర్లలో దిగుతూనే ఉన్నారు. వాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. ఆ రోజు ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగలేదు.

నేను ఆమెను చివరిసారి చూసింది కర్నూల్లో, ఆసుపత్రి ముందు రోడ్డు మీద. నేను అవతలి పక్క ఆటో దిగుతున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండ. మంగంపేట గనుల్లో పనిచేసేవాళ్ల కూతురట, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల, రానని వెనక్కి లాగుతోంది. అత్త దొంగను పట్టిన పోలీసులాగా దాని మణికట్టు పట్టుకొని రోడ్డు దాటిస్తోంది. లారీ ఒకటి హారన్ కొడుతూ మీదికొచ్చింది. అత్త చెయ్యెత్తింది. దుమ్ము లేపుకుంటూ లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు, ఆమె వాడి వంశాన్నంతా తిట్టింది. అంతలో పిల్ల తలగుడ్డ జారి, నున్నటి తల ఎండలో బయటపడింది. పిల్ల రెండు చేతులతో తల కప్పుకొని అక్కడే కూచోబోయింది. అత్త దాన్ని నిలబెట్టింది. వెనక బస్సులు, ఆటోలు ఆగిపోయి మోత మోగిస్తున్నాయి. నడిరోడ్డు మీద, అంత బండ్లనూ ఆపి పెట్టి, అత్త ఆ గుడ్డను దులిపి, మడత పెట్టి, పిల్ల చెవుల వెనగ్గా నిదానంగా ముడేస్తోంది.